సూరజ్ తుఫాను ఖబరొస్తే ముందు రుఖ్ అడగండి



2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి ఆదిత్య-ఎల్1 లేచింది. ఆ మధ్యాహ్నం నుంచి వారం రోజులపాటు మన ఫోన్లలో ఒకటే తస్వీర్. ప్రాజెక్ట్ డైరెక్టర్ నిగార్ షాజీ గారు. ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు, ఆకివీడు, ఎక్కడెక్కడి మన రిష్తేదార్లో అందరూ స్టేటస్ పెట్టారు, మాషాఅల్లాహ్ రాశారు. నేనూ రాశాను. ఫఖర్ పడాల్సిన సంగతే. కానీ ఆ వారంలో మా ఖాందాన్ గ్రూపులో ఒక్క సవాల్ కూడా రాలేదు. ఆమె పంపినది అక్కడ కూర్చుని ఏం కొలుస్తుంది? దాంతో కొల్లేటి గట్టు మీద బతికే మనకేం పని?

ఎనిమిది నెలలు గడిచాయి. 2024 మే 10, జుమా. ఎలక్షన్ పోలింగుకి ఇంకా మూడు రోజులుంది, ఊరంతా ఆ గోలలో ఉంది. ఆ రాత్రి అదే గ్రూపులో సూర్యుడి తుఫాను ఖబర్ వచ్చింది. దాని వెనకే ఏళ్ల తరబడి తిరుగుతున్న ఆ పాత మెసేజ్ కూడా లేచొచ్చింది: రాత్రి పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా కాస్మిక్ కిరణాలు భూమి పక్కనుంచి పోతాయి, ఫోన్లు ఆపి దూరంగా పెట్టండి, నాసా చెప్పింది, బీబీసీ చెప్పింది. ఒకాయన ఖయామత్ నిషానీ అన్నాడు. కైకలూరు దగ్గర రొయ్యల చెరువులు చేసే మా చిచ్చా ఒక్కరే పనికొచ్చే మాట అడిగారు: "కరెంటు పోతుందా? ఏరేటర్లకి డీజిల్ తెప్పించి పెట్టుకోనా?" గూడెంలో ఇంటర్ ఎంపీసీ చదువుతున్న మా చెల్లెలి కూతురు విడిగా నాకు ఫోన్ చేసింది. "మామూ, అయస్కాంత తుఫాను అంటున్నారు కదా, నానీ ఖిబ్లా కంపాస్ ముల్లు తప్పుతుందా?"

ఈ రెండు సవాళ్లకీ జవాబు ఒక్క చోటే ఉంది. నిగార్ షాజీ గారి ఉపగ్రహం కొలిచే వాటిలో ఒకటి సరిగ్గా అదే. తుఫాను ఎంత పెద్దదన్నది రెండో మాట. దాని లోపలి అయస్కాంత క్షేత్రం రుఖ్ ఎటు ఉందన్నదే మొదటి మాట. మన ఇళ్లలో ఈ ఒక్క మాట తెలిసినా సగం భయం పోతుంది, సగం ఫార్వర్డులు ఆగిపోతాయి అని నా నమ్మకం. కాస్త ఓపిగ్గా చదవండి, లెక్కలేమీ పెట్టను.

సూర్యుడి నుంచి ఎప్పుడూ ఒక గాలి వీస్తూనే ఉంటుంది. గాలి అంటే మన కొల్లేటి గాలి కాదు. విద్యుత్ ఆవేశం ఉన్న కణాల ప్రవాహం, దాన్ని ప్లాస్మా అంటారు. మామూలు రోజున సెకనుకు దాదాపు 400 కిలోమీటర్ల వేగం. వస్తూ వస్తూ సూర్యుడి అయస్కాంత క్షేత్రాన్ని కూడా వెంట లాక్కొస్తుంది. ఇటు భూమికి తన సొంత అయస్కాంత క్షేత్రం ఉంది. రెండూ ఎదురుపడి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. రెండు ఒత్తిళ్లూ సరితూగిన చోట ఒక హద్దు ఏర్పడుతుంది. సూర్యుడి వైపు భూమి నుంచి సుమారు 65 వేల కిలోమీటర్ల దూరం. శాస్త్రజ్ఞులు దానికి మాగ్నెటోపాజ్ అని పేరు పెట్టారు. మనం సర్హద్ అనుకుందాం.

ఈ సర్హద్‌ది మంచి కాపలా. ఎందుకంటే ప్లాస్మా, దానిలోని అయస్కాంత గీతలు ఒకదాన్నొకటి వదిలి ఉండవు, గడ్డకట్టినట్టు అతుక్కుని కలిసే నడుస్తాయి. సూర్యుడి ప్లాస్మా సూర్యుడి గీతల మీద, భూమి ప్లాస్మా భూమి గీతల మీద. ఒకరి ఇంట్లోకి ఒకరు రాలేరు. అందుకని గాలిలో ఎక్కువ భాగం వంతెన స్తంభం చుట్టూ తమ్మిలేరు నీళ్లు పాయలై పోయినట్టు భూమి పక్కనుంచి జారిపోతుంది.

ఇక్కడే రుఖ్ సంగతి వస్తుంది. సూర్యుడికి ఎదురుగా ఉన్న సర్హద్ దగ్గర భూమి క్షేత్రం ఉత్తరం వైపు చూస్తుంది. వచ్చే క్షేత్రం కూడా ఉత్తరమే చూస్తూ వస్తే, ముందు తలుపు మూసే ఉంటుంది. అది దక్షిణం చూస్తూ వస్తే రెండూ ఎదురెదురు. అప్పుడు ఆ పల్చటి పొరలో ఒక చోట, కొన్ని కిలోమీటర్ల ప్రాంతంలో, ప్లాస్మాకీ గీతలకీ ఉన్న ఆ అతుకు ఊడిపోతుంది. గీతలు పాత జోడీలు వదిలేసి కొత్త జోడీలు కట్టుకుంటాయి. దీన్నే మాగ్నెటిక్ రీకనెక్షన్ అంటారు.

ఏలూరు వాళ్లకి ఇది తివాచీ మగ్గం ముందు కూర్చోబెట్టి చెప్పొచ్చు. మన ఊరి ఖాలీన్లకి ఎంత పేరో మీకు తెలుసు, ఇరాన్ నుంచి వచ్చిన హునర్ అని పెద్దవాళ్లు చెప్పేవారు. మగ్గం మీద పక్కపక్కన రెండు పడుగు పోగులున్నాయనుకోండి. ఒకదాన్ని కిందినుంచి పైకి లాగి కట్టారు, రెండోదాన్ని పైనుంచి కిందికి. రెండూ నడుమ తగిలిన చోట కోసి, దీని పై సగాన్ని దాని పై సగంతో, దీని కింది సగాన్ని దాని కింది సగంతో ముడేశారు. ఇప్పుడు నిలువుగా రెండు పోగులు లేవు. పైన ఒక వంపు, కింద ఒక వంపు ఉన్నాయి. ముడేసేటప్పుడు పోగులు బిగువుగా ఉన్నాయి కాబట్టి ఆ వంపులు గురిచూసి వదిలిన రబ్బరు బ్యాండులా చెరో వైపు కొట్టుకుపోతాయి. క్షేత్రంలో దాగి ఉన్న శక్తి కణాల వేగంగా మారేది అలాగే. అలా కలిసిన గీతకి ఒక కొస భూమిలో, రెండో కొస సూర్యుడి గాలిలో. హద్దు దగ్గర తలుపు తెరుచుకున్నట్టే.

నిజానికి అక్కడ కోసేవాడూ లేడు, పోగులూ లేవు. అయస్కాంత గీత అంటే మనం గీసుకున్న లెక్కే. "అయితే అబద్ధమా మామూ?" అని మా పిల్ల అడిగింది. కొల్లేరు ఐదో కాంటూరు అబద్ధమా మరి? నీళ్లలో పడవేసుకుని ఎంత తిరిగినా ఆ గీత కంటికి కనపడదు. కానీ 1999లో దాని ప్రకారమే అభయారణ్యం ప్రకటించారు. 2006లో దాని ప్రకారమే చెరువు గట్లు పేల్చారు. దానికి ఇటున్నవాడి నసీబ్ ఒకటి, అటున్నవాడి నసీబ్ ఇంకొకటి. సముద్ర మట్టం మీద ఒకే ఎత్తున్న చోట్లన్నీ కలిపితే కాంటూరు. ప్రతి చోటా దిక్సూచి ముల్లు ఎటు చూపుతుందో దాన్ని పట్టుకుపోతే అయస్కాంత గీత. రెండూ కాగితం మీదివే, రెండూ నిజమే.

ఈ ఆలోచన 1961లో జేమ్స్ డంజీ అనే ఇంగ్లిష్ శాస్త్రజ్ఞుడిది. హద్దు ముందు భాగంలో గీతలు తెగి కలుస్తాయి, గాలి వాటిని ధ్రువాల మీదుగా వెనక్కి ఈడ్చుకుపోతుంది, భూమి వెనకవైపు తోకలో మళ్లీ కలిసి ఇంటికి తిరిగొస్తాయి, అలా వస్తూ కణాలను ధ్రువాల ఆకాశంలోకి కుమ్మరిస్తాయి అన్నాడు. చాలామంది వెంటనే ఒప్పుకోలేదు. 1979లో ఐసీ ఉపగ్రహాలు సర్హద్ దగ్గర ఆ కొట్టుకుపోయే ప్రవాహాలని పట్టాక వాదన తేలిక పడింది. ఆ అతుకు ఊడే చోటుని లోపలికి వెళ్లి చూడటానికి 2015 దాకా ఆగాలి. నాసా వాళ్లు ఎమ్ఎమ్ఎస్ అని నాలుగు ఉపగ్రహాలని దగ్గర దగ్గరగా ఎగరేశారు. 2015 అక్టోబరు 16న అవి సరిగ్గా ఆ చోటు గుండా దూరి పోయాయి. ఎలక్ట్రాన్లు గీతల పట్టు విడిపించుకోవడం అక్కడ కొలిచారు.

సరే, రుఖ్‌కి ఇంత మాటెందుకంటారా? రెండు తుఫాన్లు పక్కపక్కన పెట్టి చూడండి.

1972 ఆగస్టు 4. సూర్యుడి నుంచి బయల్దేరిన మేఘం 14.6 గంటల్లో భూమికి చేరింది. కోట్ల కిలోమీటర్ల దారి, మన ఏలూరు నుంచి ఢిల్లీకి రైల్లో పోయే సమయం కూడా పట్టలేదు. అంత వేగంగా వచ్చింది ఇంకోటి మనకి తెలీదు. సర్హద్‌ని మామూలు దూరంలో సగానికి నొక్కేసింది. కానీ భూమి క్షేత్రంలో వచ్చిన తగ్గుదలని కొలిచే లెక్క, డీఎస్‌టీ అంటారు, అది సుమారు 125 నానోటెస్లాల దగ్గరే ఆగిపోయింది. అంత జోరుకి ఇది చాలా చిన్న సంఖ్య. కారణం, మేఘం లోపలి క్షేత్రం ఉత్తరం చూస్తూ వచ్చింది.

2024 మే 10. అంత వేగం లేదు. ఒకదాని వెనక ఒకటి మేఘాలు వచ్చి పడ్డాయి, వాటి క్షేత్రం ఒక దశలో దక్షిణానికి యాభై నానోటెస్లాల దాకా తిరిగింది. డీఎస్‌టీ నాలుగు వందలు దాటింది. లదాఖ్‌లో హాన్లే ఆకాశం ఎర్రబడింది, అక్కడి అబ్జర్వేటరీ కెమెరాల్లో పడింది.

తాకత్‌కి ఏ పనీ లేదని నేననడం లేదు. ఆ 1972 దెబ్బకే వియత్నాం తీరంలో అమెరికా వాళ్లు సముద్రంలో వేసిన అయస్కాంత మందుపాతరలు డజన్ల కొద్దీ వాటంతటవే పేలాయి. నొక్కుడు నొక్కుడే. కానీ ఇంట్లోకి రావడం వేరు. కొల్లేటి వాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడని ముంచి ఇటొచ్చిన రోజుల్లో మనం అడిగింది ఎంత నీరొస్తోందని మాత్రమేనా? ఉప్పుటేరు లాగుతోందా, సముద్రం పోటు మీద ఉందా అని కూడా అడిగాం. అక్కడ నీరు బయటికి పోయే తలుపు, ఇక్కడ లోపలికి వచ్చే తలుపు. తేడా అంతే.

ఇప్పుడు ఆదిత్య దగ్గరికి రండి. సూర్యుడి మీద పేలుడు జరిగితే దుర్బీన్లకి కనిపిస్తుంది. మేఘం ఎంత పెద్దదో, ఎంత వేగంగా వస్తోందో అంచనా వేయొచ్చు. దాని లోపల రుఖ్ ఎటుందో మాత్రం అది దగ్గరికి వచ్చేదాకా సరిగ్గా తెలీదు. దగ్గర అంటే ఎల్1 బిందువు, భూమికి 15 లక్షల కిలోమీటర్లు సూర్యుడి వైపు. ఆదిత్య 2024 జనవరి 6న అక్కడి కక్ష్యలో చేరింది. జనవరి 11న ఆరు మీటర్ల చేతిని చాచింది. ఆ చేతి కొసన ఒకటి, నడిమిన ఒకటి, రెండు అయస్కాంత మాపకాలు. బెంగళూరులో ఇస్రో వాళ్ల లియోస్ ల్యాబులో తయారైనవి. అంత దూరం చాచడం ఎందుకంటే ఉపగ్రహం తన సొంత కరెంటు వల్ల పుట్టే అయస్కాంతం కొలతలో కలవకూడదు. మామూలు గాలి అక్కడినుంచి మన సర్హద్ చేరడానికి గంట, తుఫాను గాలికి అరగంట. మనకి దొరికే ముందస్తు ఖబర్ అంతే. అమెరికా వాళ్ల ఉపగ్రహాలు 1990ల నుంచీ అక్కడున్నాయి. మన చెయ్యి ఇప్పుడు చేరింది. మే 2024 తుఫానుని మ్యాగ్ అనే ఆ పరికరం కూడా పట్టిందని ఇస్రో ప్రకటించింది.

చిచ్చాకి జవాబు: ఆ తుఫానుకి మీ ఏరేటర్లు ఆగవు. 1989 మార్చి 13న కెనడాలో క్యూబెక్ రాష్ట్రం మొత్తానికి తొమ్మిది గంటలు కరెంటు పోయింది, అరవై లక్షల మంది చీకట్లో ఉన్నారు, నిజమే. కానీ అది ధ్రువానికి దగ్గర. అరోరా కింద ఆకాశంలో లక్షల ఆంపియర్ల ప్రవాహాలు ఊగి, కింద పొడవాటి లైన్లలోకి కరెంటు ఎక్కించాయి. మనం అయస్కాంత భూమధ్యరేఖకి దగ్గరగా ఉన్నాం, ఆ ప్రమాదం మనకి చాలా తక్కువ. కైకలూరులో కరెంటు పోయేది గాలివానకి, ట్రాన్స్‌ఫార్మర్ కాలినందుకి. డీజిల్ దానికోసం ఉంచుకోండి.

అలాగని మన నెత్తిన ఏమీ జరగదని కాదు. తలుపు తెరుచుకున్న నిమిషాల్లోనే విద్యుత్ క్షేత్రం భూమధ్యరేఖ దాకా పాకుతుంది. మన పైన ఐనావరణం అసలే చంచలమైనది, దాన్ని అది ఎత్తి కుదుపుతుంది. ఉపగ్రహాల నుంచి వచ్చే జీపీఎస్ సంకేతం ఆ పొరలోంచే దిగాలి. సెంటీమీటర్ల లెక్కతో భూముల రీసర్వేకి రోవర్లు పట్టుకు తిరుగుతున్న కాలం ఇది. పొలం హద్దు కొలిచే యంత్రానికి పైన ఆ హద్దుతో పని పడింది చూడండి. ఈ ఐనావరణం మీద మన విశాఖలో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, బి. రామచంద్రరావు గారి కాలం నుంచి పరిశోధన నడుస్తోంది. హైదరాబాద్‌లో ఎన్‌జీఆర్‌ఐ 1964 నుంచి భూమి అయస్కాంతాన్ని రోజూ రాసుకుంటోంది. మే తుఫాను అసలు దెబ్బ మనకి తెల్లవారుజామున తగిలింది, అప్పటికి ఐనావరణం పూర్తిగా తయారవలేదు, అందువల్ల ఇక్కడ పెద్దగా నష్టం లేదని ఇస్రో చెప్పింది. వేళ కూడా నసీబే.

ఇక నానీ కంపాస్. ఏలూరు నుంచి ఖిబ్లా పడమరకి సుమారు 14 డిగ్రీలు ఉత్తరంగా ఉంటుంది. ముల్లుని తిప్పే అడ్డం క్షేత్రం మన దగ్గర సుమారు 40 వేల నానోటెస్లాలు. తుఫాను తగ్గించింది నాలుగు వందలు, అంటే నూటికి ఒకటి. పైగా ఆ తగ్గుదల చాలావరకు ఉత్తర-దక్షిణ గీత మీదే. ముల్లు పట్టు కాస్త సడలుతుంది కానీ దిక్కు మారదు. పక్కనే పెట్టిన సెల్‌ఫోను అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ తప్పిస్తుంది. ఈ జవాబు చెప్తే పిల్ల ఏమందో తెలుసా? "అయితే నాలుగు వందలు కొలవడానికి ఎంత నాజూకైన ముల్లు కావాలి మామూ!" సరైన చోట ఆశ్చర్యపోయింది.

ఈ పిల్ల ఇప్పుడు ఫిజిక్స్ చదువుతానంటోంది. ఎన్‌ఐటీ వాళ్ల ఊళ్లోనే ఉంది, తాడేపల్లిగూడెంలో, 2015 నుంచి. దానికి రాయనివ్వండి, రాకపోతే మంచి డిగ్రీ కాలేజీలో ఎమ్మెస్సీ దాకా చదవనివ్వండి అని నేనంటున్నాను. ఇంట్లో మాత్రం, ఫిజిక్స్‌తో ఏం వస్తుంది, ఏదైనా చిన్న కోర్సు చేయించి రిష్తా చూద్దాం అంటున్నారు. అన్నవాళ్లెవరో చెప్పను. వాళ్లందరి స్టేటస్‌లోనూ ఆ సెప్టెంబరులో నిగార్ షాజీ గారి తస్వీర్ ఉంది, అంతవరకే చెప్తాను.

ఆ తస్వీర్ వెనక ఏముందో చూడాలి కదా. తమిళనాడులో సెంగోట్టై అని చిన్న ఊరు. వాళ్ల నాన్నగారు గణితం చదువుకుని వ్యవసాయం ఎంచుకున్న మనిషి. ఊళ్లో బాలికల బడి, తర్వాత తిరునెల్వేలి ప్రభుత్వ ఇంజినీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్. 1987లో ఉద్యోగంలో చేరింది ఎక్కడో కాదు, మన రాష్ట్రంలోనే, శ్రీహరికోటలో. అక్కడినుంచి ఆదిత్య దాకా ముప్ఫై ఆరేళ్లు. తిరునెల్వేలి గురించి ఇంకో చిన్న మాట. అయస్కాంత భూమధ్యరేఖ ఆ చుట్టుపక్కలనుంచే పోతుంది, అందుకే అక్కడ భూఅయస్కాంత పరిశోధనశాల కూడా పెట్టారు. సూర్యుడి తలుపు తెరుచుకుంటే మన దేశంలో బాగా కదిలే ఆకాశాల్లో ఆ ఊరిది ఒకటి.

మన జల్సాల్లో ఇబ్నె హైతమ్ పేరు, అల్ బిరూనీ పేరు వినని రోజుండదు. వెయ్యేళ్ల నాటి వాళ్లని తలుచుకోవడం తేలిక, వాళ్లు మన అమ్మాయి ఫీజు గురించి అడగరు. మన కాలంలో ఉన్నావిడ పని గురించి ఒక గంట చదవడం, ఇంట్లో పిల్లకి చెప్పడం, ఆ పిల్ల ఇంకా చదువుతానంటే కాలేజీ ఫారమ్ మీద సంతకం పెట్టడం. ఇవి కష్టమైనవి. తాలీమ్ గురించి తఖ్రీర్లు ఆపి వీటిలో ఏది చేశామో లెక్క చూసుకోవాలి.

ఒక చిన్న సలహా ఉంది. మళ్లీ తుఫాను ఖబర్ వచ్చిన రాత్రి గ్రూపులో బీజెడ్ ఎంతుందని అడగండి. ఆంగ్లంలో బీ, జెడ్ అని రెండక్షరాలు, ఇంటర్‌నెట్‌లో ఊరికే దొరుకుతుంది. ముందు మైనస్ గుర్తుంటే దక్షిణం. మైనస్ పది దాటి కొన్ని గంటలు నిలిస్తే తుఫాను నిజంగా లోపలికి వస్తోందని అర్థం. ప్లస్‌లో ఉంటే ఇషా చదువుకుని పడుకోవచ్చు. ఈ సంఖ్య అడిగేవాడు ఒక్కడున్నా ఆ పన్నెండున్నర-మూడున్నర మెసేజ్ పంపేవాళ్లు తగ్గుతారు.

ఇంకోటి. రొట్టెల పండుగకి ఏటా మనవాళ్లు పిల్లా జెల్లాతో నెల్లూరు వెళ్తారు. బారా షహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో రొట్టెలు మార్చుకుని తిరుగు రైలెక్కేస్తారు. నెల్లూరు దాటి సుమారు వంద కిలోమీటర్లు పోతే సూళ్లూరుపేట స్టేషన్, శ్రీహరికోటకి దారి అదే. రాకెట్ ఎగిరే రోజున ముందుగా పేరు నమోదు చేసుకుంటే మామూలు జనాన్ని కూడా గ్యాలరీలోకి రానిస్తారు. మా చెల్లెలికి ఇది చెప్పాను. బావగారు టైమ్‌టేబుల్ చూస్తున్నారు.